మందమర్రి రకం

చొప్పదండి శివారుల పరశురాములు పందులు ముప్పై ఒకటి వారం తిరగకముందే చచ్చిపోయినయ్. చెవులు ఎర్రగ కమిలి, వెనక కాళ్లు తూలి, ఒకదాని వెంట ఒకటి కూలబడ్డయ్. అదే వారం ఆయన బామ్మర్ది అంతయ్య ఆదిలాబాద్ దిక్కు సంతల కొనుక్కొచ్చిన ఆడ పంది కూడా చచ్చింది. ఇంకేమున్నది, నేరం అంతయ్య మెడకు చుట్టుకున్నది.

"నీ సంత పందే నా దొడ్డిని ఊడ్చింది" అని పరశురాములు మాట బంద్ పెట్టిండు. హైదరాబాద్ ల్యాబుకు పంపిన శాంపిళ్ల రిపోర్టుల గదే తేలితే, పక్కనే ఉన్న అంతయ్య దొడ్డి ఎత్తేసి పోవాలని పెద్దమనుషులు తీర్మానం చేసిన్రు.

పశువుల డాక్టరు లిడియా కూడా అట్లనే అనుకున్నది. "కొత్త పందిని పదిహేను రోజులు విడిగ కట్టెయ్యమని ఎన్నిసార్లు చెప్పిన అంతయ్యా?" అని పదిమందిల గద్దించింది. అతను తల దించుకొని తన దొడ్డిలకు పోయిండు.

మూడు వారాలకు ల్యాబు నుంచి వందన ఫోన్ చేసింది.

"రెండు దొడ్ల శాంపిళ్లల స్వైన్ ఫీవరే, మేడం. కానీ వైరస్ జన్యువులు చూస్తే రకాలు వేరు. ఆదిలాబాద్ పందిది ఒక రకం, పరశురాములు పందులది ఇంకో రకం. దానికి దీనికి సంబంధం లేదు."

లిడియా కుర్చీలకెల్లి లేచింది. "మరి పరశురాములుకు ఎక్కడికెల్లి వచ్చింది?"

"మీరే పంపిన మందమర్రి శాంపిలుతోని అక్షరం పొల్లుపోకుండ కలిసింది. అక్కడికెల్లి చొప్పదండికి పందులు గానీ, బండి గానీ, మనుషులు గానీ వచ్చిన్రా?"

"కనుక్కుంట" అని ఫోన్ పెట్టేసింది.

కనుక్కునే పనే లేదు. ఇక్కడ పందులు చచ్చుడు మొదలుకాక ముందటి వారం, సోమవారం నాడు మందమర్రిల చచ్చిన పందులను కోసి చూసింది తనే. తెల్లారి మంగళవారం పొద్దుగాలనే పరశురాములు దొడ్డిల పంది పిల్లలకు సూదులు వేసింది తనే. అవే బూట్లు. మందు నీళ్లల ముంచాల్సినవాటిని, ఆలస్యమైతుందని బోరు కింద ఉత్త నీళ్లతోని కడిగింది.

 తను మందమర్రి పోయిన సంగతి ఇక్కడ ఎవరికీ తెల్వదు. రకాలు వేరని మాత్రం చెప్పి ఊకుంటే అంతయ్యకు నేరం తప్పుతది, తన తప్పూ ఎవరికీ తెల్వదు. దారి పొడుగునా అదే ఆలోచన.

దొడ్ల కాడికి పోయేసరికి అంతయ్య పందులను అప్పుడే ట్రాలీల ఎక్కిస్తున్నరు. పదిహేను మంది దాకా ఉన్నరు. రిపోర్టు దాకా ఎవరూ ఆగలే.

"ఆపున్రి!" లిడియా గట్టిగ అరిచింది. "రోగం అంతయ్య పందికెల్లి రాలే."

"మరేడికెల్లి వచ్చింది?" పరశురాములు మీదికొచ్చిండు. "ఆకాశంలకెల్లి పడ్డదా?"

 తెల్వదు అనొచ్చు. అంతయ్య ట్రాలీ చక్రం పట్టుకొని లిడియా మొఖమే చూస్తుండు.

"మందమర్రికెల్లి వచ్చింది. తెచ్చింది నేనే. నా బూట్లకు అంటుకొని వచ్చింది."

 పరశురాములు ఇంకో అడుగు ముందుకు వేసిండు.

"ముప్పై ఒక్క పందులమ్మా. నా బామ్మర్దిని నోటికొచ్చినట్టు తిట్టిన. నువ్వు గూడ పక్కన నిలబడి గద్దిస్తివి గదా."

"నాకు ఇయ్యాలనే తెలిసింది. అయినా తప్పు నాదే."

"మల్ల నా దొడ్డిల కాలు పెట్టకు" అని అతను వెనక్కి తిరిగిండు.

లిడియా అంతయ్య దగ్గరికి పోయింది. "అందరి ముందట నిన్నట్ల అనాల్సింది కాదు అంతయ్యా."

అంతయ్య ఆ మాట ఇననట్టే ట్రాలీ తలుపు విప్పి పందులను దించుడు మొదలుపెట్టిండు. చివరిది దిగినాక అడిగిండు: "మరి నా పందికి ఏమొచ్చినట్టు?"

"అది కూడా పందుల జ్వరమే, కాకపోతే వేరే రకం. సంతకెల్లి వచ్చింది. మిగిలినవాటిని చూడాలె, టీకాలు వేయాలె."

అతను దొడ్డి తలుపు తెరిచిండు. "చూడు మరి" అన్నడు.

ఆ సాయంత్రం లిడియా పైఅధికారికి ఉన్నదున్నట్టు రాసి, కింద తన పేరు పెట్టింది. నెల తిరగకముందే ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. పరశురాములు దొడ్డికి వేరే డాక్టరు పోతుండు. బావాబామ్మర్దులు మాత్రం మళ్లీ కలిసి సంతకు పోతున్నరట.