గులాబీ గుడ్డ పందిరి

గోడకు రంగు వేసేముందు రంగులమ్మ దాన్ని వాసన చూస్తుంది. చెమ్మ ఉందో లేదో కంటికంటే ముక్కే ముందు చెబుతుందని ఆమె నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకు రంగులు వేసి బతుకుతున్న మనిషి, ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. కానీ ఆ రోజు పని ఇచ్చిన ఇంటి ఓనరమ్మ కింది వాటా తలుపు తీసి, "ఇదిగో, ఇదే బాత్రూమ్" అని చూపించినప్పుడు గోడ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు. వాసనే ఎదురొచ్చి పలకరించింది.

మూసిపెట్టిన గదుల్లో ఉండే ముక్కిన వాసన కాదది. తెలిసిన వాసనే, పేరు పెట్టి చెప్పడానికి నోరు రానిది. రంగులమ్మ తలకు కట్టుకున్న గుడ్డ విప్పి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గది అగ్గిపెట్టె. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక మూల కమోడ్, పక్కన కుళాయి, బకెట్ పట్టేంత చోటు, పైన అరచేతంత కిటికీ. పైకప్పు మీద, సరిగ్గా కమోడ్‌కు పైన, పళ్ళెమంత మచ్చ. మధ్యలో నలుపు, చుట్టూ పసుపు, అంచున తెల్లటి బూజు. ఆ నలుపులోంచి ఒక బొట్టు ఊరుతోంది. ఊరి, బరువెక్కి, సాగి, టప్పుమని కమోడ్ మూత మీద పడింది.

ఓనరమ్మ గుమ్మం దాటలేదు. ఆమె శుభ్రం గురించి వీధంతా కథలు చెప్పుకుంటారు. పాలవాడు గంట కొడితే వాడు వెళ్ళాక ఆ గంట మీట తుడుస్తుందట. నోట్లు ఎండలో ఆరేశాక గానీ బీరువాలో పెట్టదట. చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా ఒకటి ఎప్పుడూ వెంటే ఉంటుంది, ఏది ముట్టుకున్నా వెంటనే రెండు చుక్కలు అరచేతులకు రాసుకుంటుంది.

"సోమవారం ఒక అమ్మాయి దిగుతోంది. ల్యాబులో ఉద్యోగం" అంది, సీసా మూత తిప్పుతూ. "ఆడపిల్లలకే ఇద్దామనుకున్నా. వాళ్ళయితే శుభ్రంగా ఉంచుతారు. అందుకని దీన్ని కాస్త ఆడపిల్లల బాత్రూమ్‌లాగా ముస్తాబు చెయ్యి. లేత గులాబీ రంగు, పువ్వుల స్టిక్కర్లు, కుచ్చుల కర్టెన్, ఒక అద్దం. ఎక్కువ ఖర్చు మాత్రం పెట్టకు."

"అమ్మగారూ, ముందు ఆ కారేదాని సంగతి చూడాలి కదండీ. పైన ఉన్నది మీ బాత్రూమే కదా?"

"అదా? చెమ్మ. వానలకి."

వానపడి మూడు నెలలయింది. రంగులమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఓనరమ్మ కిటికీ వైపు చూసింది.

"చెమ్మకి ఈ వాసన రాదండీ. మీ కమోడ్ కింద పైపు అతుకు వదిలేసి ఉంటుంది. మా తమ్ముడు ప్లంబరే, పిలిస్తే రెండు రోజుల్లో..."

"నా బాత్రూమ్ పగలగొడతాడా? తెల్ల టైల్స్ వేయించుకుని ఏడాది కూడా కాలేదు. ఆ కాళ్ళు, ఆ ఇసుక, ఆ సిమెంటు... ఛీ, నా వల్ల కాదు." ఆమె ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. ఎవరిదో బాత్రూమ్, పైకప్పు కింద పల్చటి గులాబీ గుడ్డ అలలు అలలుగా వేలాడుతోంది. "ఇట్లా పందిరి కట్టెయ్యి. మచ్చ కనబడదు, అందానికి అందం."

పైన పటారం, లోన లొటారం అనుకుంది రంగులమ్మ. పైకి అనలేదు. ఆ నెలలో దొరికిన మొదటి పని అది. "సరేనండీ" అంది. అన్న మరుక్షణం నోరంతా చేదుగా అయింది.

మర్నాడు నిచ్చెన వేసుకుని పైకప్పు గోకడం మొదలుపెట్టింది. గోకుడు రేకు తగలగానే సున్నం పెచ్చులు పెచ్చులుగా కాదు, ముద్దలు ముద్దలుగా ఊడింది. ఒక ముద్ద జారి మెడ మీద పడి, జాకెట్లోకి దిగింది. దాన్ని తీసి చూస్తే అందులో వెంట్రుకంత సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అప్పుడే పైన ఫ్లష్ లాగిన చప్పుడు. గొట్టంలో గలగల. కాసేపటికి బొట్లు జోరందుకున్నాయి. ఒకటి ఆమె ముంజేతి మీద పడింది. అది వెచ్చగా ఉంది.

రంగులమ్మ నిచ్చెన ఎలా దిగిందో ఆమెకే తెలీదు. వెనక దొడ్లోకి పరుగెత్తి పొద్దున తిన్నదంతా కక్కింది. కుళాయి కింద చెయ్యి పెట్టి మూడుసార్లు సబ్బు రుద్దుకుంది, నాలుగోసారి ఇటుకముక్కతో రుద్దుకుంది. పైనుంచి ఓనరమ్మ గొంతు వినబడింది: "ఏమ్మా, పనవుతోందా? పైకి వస్తే కాళ్ళు కడుక్కుని రా. మెట్లు ఇప్పుడే తుడిచా!"

పని మాత్రం ఆపలేదు. ఎక్కడో మిగిలిన తెల్ల రంగు డబ్బాలో నాలుగు చుక్కల ఎరుపు కలిపి లేత గులాబీ తయారుచేసింది. గోడలో గుంటలున్న చోటల్లా ఒక గులాబీ స్టిక్కరు అంటించింది. ఇంట్లోని పాత కర్టెన్‌కు కుచ్చులు కుట్టింది. ఖాళీ జాం సీసాలు కడిగి, మూతలకు తెలుపు వేసి, వాటిలో దూదీ, హెయిర్‌పిన్నులూ పెట్టుకోవడానికి వీలుగా అరలో వరసగా నిలబెట్టింది. పాతసామాన్ల కొట్లో దొరికిన గుండ్రటి అద్దానికి చుట్టూ తాడు చుట్టి అంటించింది. ఇక పందిరి. పల్చటి గుడ్డ కదా, రెండో రోజుకే మరక దిగుతుందని ఆమెకు తెలుసు. అందుకని గుడ్డకు పైన ఒక ప్లాస్టిక్ షీటు పరిచి, రెండూ కలిపి నాలుగు మూలలా మేకులకు కట్టింది. ఆ తెలివి ఓనరమ్మది కాదు, రంగులమ్మదే. మసిపూసి మారేడుకాయ చెయ్యడంలో తనకెవరూ సాటిరారని ఆ పూట ఆమెకు తెలిసొచ్చింది.

అన్నీ అయ్యాక చూస్తే గది ముద్దుగా ఉంది. నిజంగానే ఉంది. దాన్ని చూస్తుంటే తన చేతిపని మీద తనకే ఏవగింపు పుట్టింది.

సోమవారం తన పనిసామాన్లు తీసుకుపోదామని రంగులమ్మ వచ్చేసరికి ల్యాబమ్మాయి దిగిపోయి ఉంది. సన్నటి పిల్ల, కళ్ళజోడు, ఒక్క పెట్టె. బాత్రూమ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది.

"ఇదంతా నా ఒక్కదానికేనా?" అంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరీక్షకొచ్చే ఊరందరి సీసాలతోనే నా పని. ఇంటికొస్తే ఇలాంటి మూల ఒకటి ఉంటే చాలనిపిస్తుంది. మీరే చేశారా పిన్నీ?"

సమాధానం చెప్పేలోపే వచ్చి వాటేసుకుంది. రంగులమ్మ వెనక్కి జరిగింది. "వద్దమ్మా, రంగంటుకుంటుంది" అంది. రంగు ఆరి రెండు రోజులయింది.

ఆ పూట అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేకపోయింది. సంగతంతా విన్న తమ్ముడు ఊరుకునే రకం కాదు. "అయితే నువ్వు కట్టింది పందిరి కాదక్కా, మూట" అన్నాడు. "ముడి విప్పినవాడికి ఉంటుంది పండగ."

"నవ్వకురా."

"నవ్వక ఏం చెయ్యను? ఆ పిల్లకి చెప్పవా?"

చెప్పలేదు. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటూ ఎనిమిది రోజులు కుక్కిన పేనులా పడుంది. తొమ్మిదో రోజు ఉండబట్టలేక, రంగు సరిగ్గా పట్టిందో లేదో చూసిపోతానన్న వంకతో వెళ్ళింది.

తలుపు తీసిన అమ్మాయి తల తడిగా ఉంది. బాత్రూమ్‌లోకి అడుగుపెట్టగానే రంగులమ్మ తలెత్తి చూసింది. పందిరి నడుమ ఈనబోయే గేదె పొట్టలా కిందికి దిగి ఉంది. గులాబీ గుడ్డ మీద గోధుమరంగు వలయాలు, వలయాల మీద చిన్నచిన్న ఈగలు. జాం సీసాల మూతల మీద కూడా అవే. అరలో మూడు రకాల అత్తరు సీసాలు, రెండు సబ్బులు కొత్తగా చేరాయి.

"పందిరి ఎందుకో కిందికి దిగింది పిన్నీ, మిమ్మల్నే అడుగుదామనుకున్నా" అంది అమ్మాయి. గొంతు తగ్గించి, "ఒక మాటడుగుతా, ఏమనుకోకండి. నా దగ్గర ఏమైనా వాసనొస్తోందా?" అంది.

"నీ దగ్గరా?"

"ల్యాబు వాసన ఒంటికి పట్టేసిందేమో అనుకుంటున్నా. వారం నుంచి రోజుకు రెండుసార్లు తలంటుకుంటున్నా. ఎంత రుద్దినా పోవట్లేదు. అక్కడ మధ్యాహ్నం అందరితో కలిసి తినడం కూడా మానేశా."

ఆమె ముంజేతులు రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"నీ వాసన కాదు తల్లీ" అంది రంగులమ్మ. "బకెట్ ఇలా తే."

బకెట్ కింద పెట్టించి, నిచ్చెన లేక కమోడ్ మూత మీదే నిలబడి, ఒక మూల ముడి విప్పింది. ప్లాస్టిక్ షీటు ఒరిగి, ఇన్ని రోజుల సరుకంతా దబదబా బకెట్లోకి దిగింది. సగం బకెట్. కొంత గులాబీ గోడ మీదుగా, స్టిక్కరు పువ్వుల మీదుగా కారింది. పైకప్పు మచ్చ ఇప్పుడు పళ్ళెమంత కాదు, చాటంత ఉంది.

అమ్మాయి ముక్కు మూసుకోలేదు. ఇలాంటివి రోజూ చూసే మనిషి. బకెట్లోకి వంగి చూసి, తలెత్తి పైకప్పు చూసి, తర్వాత రంగులమ్మను చూసింది.

"పందిరి కట్టేటప్పుడే మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆవిడకి?"

"ఆవిడకీ తెలుసు. చెమ్మ అని కొట్టేసింది."

"మిమ్మల్ని పిన్నీ అని పిలిచాను" అంది అమ్మాయి. అరిచి తిట్టినా రంగులమ్మకు అంత బాధ ఉండేది కాదు.

అమ్మాయి గదిలోకి వెళ్ళి తన సంచీలోంచి ఒక చిన్న సీసా, చేతులకు తొడుగులు తెచ్చింది. బకెట్లోంచి సీసా నింపి, మూత బిగించి, మీద చీటీ అంటించి ఏదో రాసింది. "పరీక్షకి పెడతాను" అంది. "ఆవిడ చెమ్మ అంటే నేను కాదనగలనా? ల్యాబు కాగితం అయితే కాదంటుంది."

మూడో రోజు ఇద్దరూ కలిసి పైకి వెళ్ళారు. ఓనరమ్మ తలుపు సగమే తీసింది. "చెప్పులు అక్కడే" అంది.

అమ్మాయి కాగితం చాపింది. "కింద బాత్రూమ్ పైకప్పులోంచి కారినదానికి పరీక్ష చేయించానండీ. చదవండి."

ఓనరమ్మ రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని చదివింది. పేషెంటు పేరు రాసేచోట 'పై వాటా' అని రాసి ఉంది. కింద మలం ఆనవాళ్ళు, రకరకాల సూక్ష్మజీవులు, చివర్న కడుపులో పురుగుల గుడ్లు. ఆ చివరి వరస దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. కాగితం చేతిలోంచి జారింది. మందు సీసా తీసి చేతులకు రాసుకుంది, మళ్ళీ రాసుకుంది.

"ఇది ఇంకెవరైనా చూశారా?" అంది.

రంగులమ్మ ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. పదకొండు రోజులుగా ఒక పిల్ల నెత్తిన తన కడుపులోది పడుతోందని ఇప్పుడే కాగితం మీద చదివిన మనిషి. నీకేమైనా జబ్బు చేసిందా అమ్మా అనలేదు. అయ్యో అనైనా అనలేదు. ఆ పైకప్పు గోకినప్పుడు కూడా రంగులమ్మకు ఇంత డోకు రాలేదు.

"ఆ మాటేనా మీరు అడిగేది?" అంది. "రేపు పొద్దున మా తమ్ముడొస్తాడు. బాత్రూమ్ ఖాళీ చేసి ఉంచండి."

ఓనరమ్మ తలుపు వేసేసుకుంది.

తమ్ముడు తెల్ల టైల్స్ నాలుగు లేపి, కమోడ్ పక్కకు జరిపి, కింద అతుకు బయటపెట్టాడు. చూసి, అక్కను పిలిచాడు. పగిలిన పైపు చుట్టూ ప్లాస్టిక్ సంచులు చుట్టి, పురికొసతో కట్టి ఉంది. టైల్స్ వేయించినప్పుడు కట్టిన కట్టు, దాని మీదే తెల్లగా సిమెంటు పోయించారు. "చూడక్కా, నీకంటే ముందే ఇక్కడ ఒకరు ముస్తాబు చేసి వెళ్ళారు" అన్నాడు. ఈసారి వాడూ నవ్వలేదు. నోటికి గుడ్డ కట్టుకుని, ఆ సంచుల్ని పుల్లతో ఎత్తి బయట పారేసి వచ్చాడు.

కొత్త పైపు మీద పోసిన సిమెంటు ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఓనరమ్మకు గతిలేక కింది గులాబీ బాత్రూమే దిక్కయింది. మొదటిసారి దిగి వచ్చినప్పుడు నిమిషంలో బయటపడింది, ముక్కు మూసుకుని, కళ్ళనీళ్ళతో.

"అబ్బబ్బ, ఇందులో ఎలా ఉంటున్నావే?" అంది.

"మీరు ఉంచారు కదండీ, ఉంటున్నాను" అంది అమ్మాయి.

ఓనరమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కింది. ఆ తర్వాత గోడ పట్టుకున్న చెయ్యి తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

కారడం ఆగింది. రంగులమ్మ ఎవరూ అడగకుండానే వచ్చి, పైకప్పు సిమెంటు కనబడేదాకా గోకి, మందు కొట్టి, ఆరనిచ్చి, తెల్ల సున్నం వేసింది. పందిరి గుడ్డ చెత్తబండిలోకి పోయింది. పువ్వుల స్టిక్కర్లు కూడా తీసెయ్యమంది అమ్మాయి. తడిసినవి ఉబ్బి ఉన్నాయి, ఒక్కోటి లాగుతుంటే వెనకాల జిగటగా, నల్లగా ఏదో సాగింది. పళ్ళు బిగబట్టి ఒక్కటీ వదలకుండా లాగింది. గుంటలన్నీ పూడ్చి, గోడలకు కూడా తెలుపే వేసింది.

ఆ పనంతా అయ్యేదాకా అమ్మాయి ఆమెతో అవసరమైనంతే మాట్లాడింది. పిన్నీ అనలేదు, "ఏమండీ" అంది. రంగులమ్మ అద్దం కూడా సంచీలో పెట్టుకోబోతుంటే మాత్రం, "అది ఉండనివ్వండి" అంది.

"నచ్చకపోతే తీసేస్తానమ్మా, మొహమాటపడకు."

"అద్దం బాగానే ఉంది" అంది అమ్మాయి. "వచ్చే నెల గది మారుతున్నా. పట్టుకెళ్తాను."

రంగులమ్మ అద్దాన్ని మళ్ళీ మేకుకు తగిలించి, వంకర లేకుండా సరిచేసి, బయటికొచ్చి చెప్పులు వేసుకుంది.