తలుపుచాటక్క తీసిన ఫొటో

ఆ ఇంట్లో రోజూ పొద్దున కాఫీ దగ్గర పోట్లాట తప్పదు. గుక్క తాగగానే ఆయన పంచదార లేదంటాడు, ఆవిడ వేశానంటుంది. పోట్లాడాలంటే మాత్రం ఆవిడ లేచి, కుర్చీ చుట్టూ తిరిగి, మొగుడి ఎడమ పక్కకి వచ్చి నిలబడాలి. ఆయన మెడ ఎప్పుడూ అటే తిరిగి ఉంటుంది మరి. పెళ్ళినాటి నుంచీ అంతే. ఇక ఆవిడ సంగతంటారా, మాట్లాడినా తిన్నా నోరు బాగానే తెరుచుకుంటుంది గానీ, నవ్వొచ్చిందంటే పెదవులు టక్కున బిగుసుకుంటాయి. నవ్వంతా భుజాల్లోకి దిగి, కూర్చున్న కుర్చీ కిర్రుకిర్రుమంటుంది.

ఇదంతా స్టూడియో ముసలాయన చలవ. ఆ ఊళ్ళో పెళ్ళిలో ఫొటో ఎలా పడితే మనిషి అలాగే ఉండిపోతాడు. మళ్ళీ ఇంకో పెళ్ళిలో ఇంకోలా పడితేనే పాతది వదులుతుంది. ముసలాయనకేమో పళ్ళు కనబడితే గిట్టదు. పెళ్ళికూతుర్ని నోరు మూసుకోమనేవాడు, పెళ్ళికొడుకుని పక్కనున్న దీపం వైపు చూడమనేవాడు. ఇంకేముంది, ఊరు ఊరంతా గడ్డం పైకెత్తుకుని, ఊపిరి బిగబట్టుకుని తిరిగేది. దర్జీలైతే కొలతలు తీసే ముందు పెళ్ళిఫొటో తెమ్మనేవారు.

చీకటిగదిలో ఆ ఫొటోలు కడిగేది ముసలాయన కోడలు. నీళ్ళలోంచి పైకి తేలే ఆ కొయ్యమొహాలు చూసీ చూసీ ఆవిడకి విసుగెత్తిపోయింది. ఒకసారి మామగారికి జ్వరమొచ్చి, పెళ్ళికి తనే కెమెరా పట్టుకెళ్ళింది. ఎవర్నీ నిలబెట్టలేదు, ఇటు చూడమనలేదు. పోయి తలుపు వెనక నక్కింది. పెళ్ళికొడుకు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటే, పెళ్ళికూతురు ముచ్చటగా అతన్నే చూస్తోంది. అప్పుడు కోడలు కెమెరా నొక్కింది. ఫొటో చూసి మామగారు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ జంట మాత్రం నేటికీ అలాగే ఉన్నారు. అతను ఏదో ఒకటి వెతుక్కుంటూనే ఉంటాడు, ఆమె ముచ్చటపడుతూనే ఉంటుంది.

అంతే, ఊళ్ళో అందరికీ ఆవిడే కావాల్సొచ్చింది. తలుపుచాటక్క అనే పేరు స్థిరపడిపోయింది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊరూరా పాకారు. ఇప్పుడు ఏ పెళ్ళింట్లోనైనా తలుపు మెల్లగా తియ్యాలి, వెనక అక్క శిష్యులెవరో ఒకరు నలిగిపోతుంటారు. అక్క మటుకు మోకాళ్ళ నొప్పులతో పెళ్ళిళ్ళు మానేసి ఇంటిపట్టున ఉంటోంది.

అలాంటి అక్క ఇంటికి మన ఎడమవైపు మొగుడుగారి కూతురు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి కుదిరింది, పెళ్ళవగానే వేరే ఊరు వెళ్ళిపోతుంది.

"మా అమ్మ నవ్వితే ఎలా ఉంటుందో నేనింతవరకూ చూళ్ళేదక్కా," అంది. "వెళ్ళిపోయేలోగా ఒక్కసారి చూడాలి."

అక్క తల అడ్డంగా ఊపింది. వాళ్ళమ్మ సంగతి తనకి తెలియంది కాదు. కెమెరా కనబడితే చాలు, ఆవిడ పెదవులు ఇంకాస్త బిగిస్తుంది. శిష్యులంతా ఆవిడ ముందు ఓడిపోయినవాళ్ళే. "పైగా నేను మీ అమ్మ వెనకే తిరిగితే నీ ఫొటో ఎవరు తీస్తారు? నీ పెళ్ళే, తల్లీ అది."

"నాది పడకపోతే పోనీ అక్కా."

అక్క అటక మీది కెమెరా దింపమంది.

పెళ్ళిరోజు తల్లి మామూలుకంటే ఎక్కువ జాగ్రత్తగా ఉంది. తలుపులన్నీ తీసి చూసి, వెనకున్న శిష్యుల్ని బయటికి పంపించింది. అక్క మటుకు బట్టలు మార్చుకునే గదిలో, కొయ్యకి వేలాడుతున్న పొడుగు కోట్ల వెనక ఓ స్టూలు వేసుకుని కూర్చుంది. హాల్లో పెళ్ళి జరిగిపోతోంది. మోకాళ్ళు సలుపుతున్నా కదల్లేదు.

చివరికి తండ్రి వచ్చాడు. కోటు తొడుక్కున్నాడు గానీ బొత్తాలన్నీ ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. మెడ ఎడమకి ఉంటే కిందికెక్కడ కనబడుతుంది? వెనకే ఆవిడ వచ్చి, అలవాటుగా ఎడమ పక్కన నిలబడి, సణుగుతూ బొత్తాలు విప్పి మళ్ళీ పెట్టసాగింది. కూతురి పెళ్ళినాడైనా మనిషిలా తయారవలేరా అని తిట్టింది. ఆయన అన్నీ విన్నాడు.

"రేపట్నించి ఇంట్లో మనిద్దరమే," అన్నాడు మెల్లగా. "ఒక సంగతి చెప్తాను, తిట్టకు. కాఫీలో పంచదార ఎప్పుడూ సరిపోయేది."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "మరి రోజూ లేదంటారేం?"

"అలా అంటేనే కదా నువ్వు ఇటు వచ్చేది. నీ మొహం చూడ్డానికి నాకు వేరే దారేది?"

ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎడమ పక్కన తగాదాకి నిలబడ్డ మనిషి, మొహం దాచుకోవడానికి గబుక్కున కుడి పక్కకి వెళ్ళింది. ఆవిడ వెళ్ళిపోతుంటే చూడకుండా ఉండలేక ఆయన తల తిప్పబోయాడు. మెడ కటుక్కుమంది. ఓ వేలెడు కదిలింది. అది చూసి ఆవిడ పెదవుల బిగువు ఓ చివర ఇంతే ఇంత సడలింది.

కోట్ల మధ్యలోంచి అక్క నొక్కింది.

నవ్వు ఆ తర్వాత వచ్చింది. గిన్నెలన్నీ ఒక్కసారి కింద పడ్డట్టున్న ఆ నవ్వుకి హాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. తల్లిని పిలవడానికి వచ్చి, పంచదార మాట చెవిన పడ్డప్పుడే గుమ్మంలో ఆగిన పెళ్ళికూతురు అక్కడే నిలబడిపోయింది. శిష్యులు అక్క చుట్టూ చేరి, అంత నవ్వు వదిలేసి ముందే ఎందుకు నొక్కావని తప్పు పట్టారు. "నవ్వుని తీస్తే ఆ ఒక్క నవ్వే మిగులుతుందిరా," అంది అక్క మోకాళ్ళు రుద్దుకుంటూ. "నవ్వబోతుంటే తీశాను. ఇక వస్తూనే ఉంటుంది."

ఫొటోలో గోడ అద్దం కూడా పడింది. అందులో గుమ్మం దగ్గర పెళ్ళికూతురు, అప్పుడే శుభవార్త విన్న మొహంతో ఉంది.

మర్నాడు పొద్దున ఆయన ఓ గుక్క తాగి, పాత అలవాటు పోక, పంచదార లేదన్నాడు. ఆవిడ లేచి కుర్చీ చుట్టూ బయల్దేరింది. ఆవిడ ఎటు తిరిగితే ఆయన తల అటే తిరుగుతోంది. పోట్లాడదామని నోరు తెరిచింది గానీ, ముందు నవ్వే వచ్చేసింది.

వాకిట్లో పెట్టెలు బండిలో పెట్టిస్తున్న కూతురు ఆ నవ్వు విని ఆగిపోయింది. "అదిగో, మా అమ్మే," అని మొగుడి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మొహం మాత్రం అప్పుడే శుభవార్త విన్నట్టుగానే ఉంది.