పనస పీట గిటారు

పొద్దున్నే బాలసరస్వతి గారు పోపు వేస్తే తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆగిన రైళ్లు తుమ్మి మరీ కదులుతాయి. స్టేషనేమో ఆ ఇంటికి మైలు దూరం. ఆ రోజూ అంతే. కైకలూరు నుంచి తమ్ముడు పంపిన బొమ్మిడాయి చేపలతో పులుసు పెట్టి, అన్నంలో కలిపి, మొగుడి మంచం దగ్గరికి తీసుకెళ్లారావిడ.

"ఏవండీ, రెండే రెండు ముద్దలు."

"వద్దు సరస్వతీ. సయించదు."

ఈ జనార్దనరావు గారు ఒకప్పుడు పెళ్లి భోజనానికి కూర్చుంటే ఆయన వరుసకి విడిగా ఒక వంటవాణ్ణి పెట్టేవారు. మొన్న విషజ్వరం వచ్చింది, తగ్గింది, పోతూపోతూ ఆయన ఆకలిని కూడా చంకన పెట్టుకుపోయింది. మనిషి ఎంత చిక్కారంటే, ఫ్యాను మూడులో పెడితే ఆయన ఎగిరిపోకుండా దుప్పటి అంచుల మీద ఇటుకలు పెట్టాల్సొచ్చేది. ఏలూరు డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, "ఒంట్లో లోపమేం లేదండీ. కానీ తినకపోతే మనిషి నిలవరు. వచ్చే సోమవారం చేర్పించండి, ముక్కులోంచి గొట్టం వేసి చూద్దాం. ఆపైన మన చేతుల్లో లేదు" అన్నారు.

కూతురు శిల్ప తాడేపల్లిగూడెంలోనే కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. సెలవు పెట్టి తండ్రి పక్కన కూర్చుంది.

"మీకేం కావాలో చెప్పండి నాన్నా."

"అటక మీద నా గిటారుంటుంది. కాలేజీ రోజుల్లో కొన్నది. ఒక్కసారి దాని పలుకు వినాలనుందమ్మా. తరవాత మీ ఇష్టం, ఏ గొట్టం పెట్టుకుంటారో పెట్టుకోండి."

దింపి చూస్తే ఏముంది! ముందు పలక నిలువునా పగిలింది. పగులు పక్కన చెదలు సంసారాలు పెట్టి, పిల్లల్ని కని, పెళ్లిళ్లు చేసి, ఖాళీ చేసి వెళ్లాయి.

ఏలూరులో విజయకుమారి గారని ఒకావిడ ఉన్నారు. తివాచీ మగ్గాలు చేసిన వడ్రంగి గారమ్మాయి. వీణలూ, హార్మోనియాలూ బాగుచేస్తారు. ఆవిడ గట్టిగా కసిరితే మేకులు వాటంతటవే చెక్కలోకి దిగిపోతాయి. గిటారుని గోటితో టకటక కొట్టి, చెవి ఆనించి విన్నారు.

"పగులు అతుకుతుందిలే అమ్మాయ్. ఈ పురుగు తిన్న చోటే వేరే చెక్క పడాలి. పచ్చి చెక్క పెట్టావా, వానాకాలం ఉబ్బి మళ్లీ చీలుస్తుంది. బాగా ముసలి చెక్క కావాలి. పనసయితే మరీ మంచిది."

"మీ దగ్గర లేదాండీ?"

"ఉంది, ఉయ్యాల బల్లది. నిరుడు ఒకాయన వీణకి అదే అతికించి పంపాను. కచేరీలో మృదంగం ఆయనతో సహా సభంతా గుర్రు పెట్టి నిద్రపోయింది. మీ ఇంట్లోదే ఏదైనా వెతికి పట్రా."

శిల్ప తలూపింది. చెక్క తన పాత పని మరిచిపోదని ఆ చుట్టుపక్కల ఎవరికి తెలీదు గనక!

ఇల్లంతా వెతికితే పనస చెక్క ఒక్కటే దొరికింది. జనార్దనరావు గారి భోజనం పీట. వాళ్ల తాతగారి నాటిది. మూడు తరాలు కూర్చుని కూర్చుని అద్దంలా నున్నబడింది. మారు వడ్డించుకోకుండా దాని మీంచి లేచినవాడు ఆ వంశంలో పుట్టలేదు.

బాలసరస్వతి గారు పీటని గుండెలకి కరుచుకున్నారు.

"ఇది కోసేస్తే ఆయన దేని మీద కూర్చుంటారే?"

మంచం మీంచి సన్నగా వినిపించింది. "ఇచ్చెయ్యి సరస్వతీ."

"ఇవ్వను. లేచొచ్చి కూర్చోండి, దాచి ఉంచుతాను. రేపు కూర్చుంటానని మాటైనా అనండి!"

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆవిడ పీటని కొంగుతో తుడిచి, తనే సంచిలో పెట్టి కూతురి చేతికిచ్చారు. ఆ మధ్యాహ్నం ఆవిడ పోపు వేస్తే ఇంటి పిల్లి కూడా తుమ్మలేదు.

విజయకుమారి గారు పీటని తిప్పితిప్పి చూశారు. "దీని మీద ఏం చేసేవారు?"

"భోజనమండీ."

నవ్వు ఆపుకోబోతే ఆవిడ బుగ్గలు పూరీల్లా పొంగాయి. పీటని నిలువునా కోసి, అప్పడమంత పలచగా చిత్రిక పట్టారు. చెద తిన్నంత మేరా గీసేసి, గిటారు చెక్క గీతలకి పీట గీతలు కలిసేలా ముక్క కోశారు. తోలు కాచిన బంక వెచ్చగా రాసి, పగులు మళ్లీ నోరు తెరవకుండా లోపలి నుంచి చిన్నచిన్న బిళ్లలు అడ్డంగా అతికించి, క్లాంపులు బిగించారు. శనివారానికి గరుకు కాగితం పట్టి, లక్క పాలిష్ వేసి, కొత్త తీగలు కట్టారు. ముదురు రంగు పలక మీద పీట ముక్క పసుపు రాసినట్టు మెరుస్తోంది.

"రంగు కలపలేదేమండీ?"

"కష్టపడి అతికించి కనపడకుండా దాచుకోవడానికి నాకేం పిచ్చా? ఇదిగో అమ్మాయ్, ఇంటికెళ్లేదాకా తీగ ముట్టుకోకు."

ముట్టుకోలేదు పాపం. భీమడోలు దగ్గర రైలు కుదిపితే గిటారు తనంతట తనే ఒకసారి 'జుం' అంది. అంతే! పెట్టెలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా టిఫిను డబ్బాల మూతలు తీశారు. టికెట్ల ఆయన ఎవరి పులిహోరో తింటూ టికెట్లు అడగడం మరిచిపోయాడు. గార్డు గారు చల్ల మిరపకాయల కోసం రైలు ఆపించబోయారని కూడా అంటారు.

ఇంటికొచ్చి శిల్ప తండ్రి పక్కన కూర్చుని, తనకి రాకపోయినా తీగలన్నీ ఒక్క గుంజు గుంజింది. వీధిలో పదిళ్ల వాళ్లు కంచాలు కడుక్కోవడం వినిపించింది. మంచం మీద జనార్దనరావు గారి కడుపులోంచి చిన్న కూత వచ్చింది.

"నాన్నా! ఆకలేనా?"

"ఆకలా, పాడా! మంచం కిర్రుమంది. అయినా ఆ వాయించడమేంటి, శ్రుతి కలిపేడవకుండా! ఇలా తే."

రెండు దిండ్లు ఆనుకుని లేచి, గిటారుని పొట్ట మీద పెట్టుకున్నారు. ఒక్కో తీగా బిగిస్తుంటే కడుపులో కూత ఒక్కో మెట్టూ పైకెక్కి, ఆఖరి తీగకి రైసుమిల్లు మోత మోగింది. ఇక ఆ నేరం మంచం మీదికి నెట్టడానికి వీల్లేకపోయింది.

"సరస్వతీ," అన్నారు ఆయన, కాస్త సిగ్గుపడుతూ. "పులుసుందా?"

ఆవిడ గిన్నెతో వచ్చింది నడిచి కాదు, గాల్లో. ఆయన మొదటి ముద్ద మింగి ఆగారు. అందరూ ఆగారు. రెండోది మింగారు. తరవాత ముద్దలు లెక్కపెట్టడానికి వీధిలో ఎవరివల్లా కాలేదు.

"మారు వడ్డించు" అంటూ తలెత్తి, గరిటె పట్టుకున్న భార్య చేతిని చూశారాయన. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

"నువ్వెప్పుడు తిన్నావు?"

"నాదేముందండీ, మీరు తినండి."

"ఎప్పుడు తిన్నావని అడుగుతున్నాను."

ఆవిడ గరిటె వైపు చూశారు. ఇన్ని రోజులూ అందరూ ఆయన కంచమే చూశారు గానీ, వంటింట్లో రెండో కంచం తడిసిందో లేదో చూసినవాళ్లు లేరు.

జనార్దనరావు గారు చెయ్యి కడుక్కుని, గోడ పట్టుకుని, ఒక చేత్తో గిటారు ఈడ్చుకుంటూ వంటింటి గడప దాకా నడిచి, అక్కడే చతికిలబడ్డారు.

"అమ్మాయ్, మీ అమ్మకి వడ్డించు. నేను వాయిస్తాను."

సోమవారం ఏలూరు ఆసుపత్రిలో ఆయన కోసం ఉంచిన మంచం ఇంకెవరికో ఇచ్చారు. ఆ మధ్యాహ్నం ఆయన అదే గడపలో కూర్చుని ఒక పాట ముగించి, గిటారు పక్కన పెట్టబోయారు. బాలసరస్వతి గారు కంచంలోంచి తలెత్తారు.

"అప్పుడే ఆపేస్తారేంటండీ? ఇంకా పెరుగన్నం ఉంది."