సోమవారం చేతులు

సుబ్బలక్ష్మమ్మ పోయిన రోజు పెరట్లో సగం గిన్నెలు బూడిదతో తోమి, కడగకుండా ఉన్నాయి. తోముతూ తోముతూ నా భార్య గుండె పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి లేదు. అది 1961 మాఘమాసం. ఆ గిన్నెలు ఎవరో కడిగి బోర్లించారు. దినవారాలు అయి చుట్టాలు వెళ్ళాక ఆ పని నా చేతికి వచ్చింది. మాకు పిల్లలు లేరు.

ఉగాది నాటికి నా వేళ్ళ పక్కల సగ్గుబియ్యం లాంటి చిన్న పొక్కులు లేచాయి. విపరీతమైన దురద. పదిరోజుల్లో ఎండి తోలు ఊడేది. మళ్ళీ లేచేవి. వేపాకు నూరి పెట్టాను. గంధకం కలిపిన నూనె రాస్తే ఇంకా మండింది.

నేను చింతామణి దగ్గర ఒక పల్లెలో బడిపంతులును. ప్రతి సోమవారం పిల్లల చేతులు చూసి, గజ్జి ఉన్నవాళ్ళను మానేదాకా ఇంటికి పంపడం నా అలవాటు. ఆ సోమవారాల్లో నా చేతులు వెనక్కి పెట్టుకుని వాళ్ళ చేతులు చూశాను.

చింతామణిలో తెలిసినవాళ్ళు చూస్తారని, సెలవులు ఇవ్వగానే బస్సెక్కి చిక్కబళ్ళాపురం వెళ్ళాను. అక్కడి ముసలి డాక్టరు నా వేళ్ళు పట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు మేష్ట్రూ?"

"నేనే."

"బట్టలు?"

"నేనే. చాకలి సోడాతో."

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను. ఆయన నా వేళ్ళు వదిలాడు.

"ఇది గజ్జి కాదప్పా. ఎవురికీ అంటదు. చేతులు తడిలో నానేవాళ్ళకి వస్తాది, మనసు బాగలేకపోయినా వస్తాది. పోతాది, మళ్ళా వస్తాది. వేరుతో పెరికే మందు నా దగ్గర లేదు."

పర్మాంగనేటు పలుకులు పొట్లం కట్టిచ్చాడు. ఆ ఊదారంగు నీళ్ళలో చేతులు ముంచి, తడి లేకుండా తుడుచుకుని, తెల్లని మలాము రాయమన్నాడు.

తిరుగు బస్సులో కెంపమ్మ గుర్తుకు వచ్చింది. మా ఊరి అక్కయమ్మ కూతురు, మూడో తరగతి. వాళ్ళింట్లో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీస్తారు. పొద్దున్నే వేడినీళ్ళలో చేతులు పెట్టి దారం కొసలు వెతికి, ఆ పిల్ల బడికి వచ్చేది. నిరుడు దాని వేళ్ళకు ఇవే పొక్కులు. మూడుసార్లు ఇంటికి పంపాను. నాలుగోసారి, "ఈ పిల్లను ఎవరూ ముట్టుకోకండి" అని తరగతిలో చెప్పాను. ఆ తర్వాత అది రాలేదు.

నిరుడు, తరగతిలో ఆ మాట అన్న సాయంత్రం, సుబ్బలక్ష్మమ్మ అంది: "అది గజ్జి కాదు. నాకూ ఏటా వస్తాయి. మీకెప్పుడన్నా అంటినాయా?"

నేను పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను. తలెత్తలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె వేళ్ళు చూసిన గుర్తు నాకు లేదు.

డాక్టరును చూసి వచ్చిన మరునాడు అక్కయమ్మ ఇంటికి వెళ్ళాను. తల్లీ కూతురూ గూళ్ళు ఉడికే తొట్టి దగ్గర ఉన్నారు.

"పిల్లను బడికి పంపమ్మా. అది అంటుకునే జబ్బు కాదు. తప్పు నాదే."

"వొద్దన్నదీ మీరే, రమ్మంటాండేదీ మీరే," అంది అక్కయమ్మ. "దాని చేతులు నిరుడు ఎట్లుండాయో ఇప్పుడూ అట్లే ఉండాయి. మారింది మీ చేతులు మేష్ట్రూ."

మందునీళ్ళకు నా వేళ్ళు గోధుమరంగు పట్టి ఉన్నాయి.

"అది బడికొస్తే ఈడ గూళ్ళు ఎవురు చూస్తారు? మీరొచ్చి కూర్చుంటారా? ఎట్లాగూ మీ చేతులు పాడైనాయి కదా."

కెంపమ్మ నవ్వలేదు. లేచి వచ్చి నా వేళ్ళు చూసింది.

"బొటనేలికి కూడా వొచ్చిండాయే. నాకు ఆడ రాలేదు. గీరొద్దండి, చీము పడతాది."

"బడికి వస్తావా?"

"నన్ను ముట్టుకోవద్దని చెప్పినారే, ఆ పిల్లోళ్ళకి మళ్ళా చెప్తారా?"

"చెప్తాను."

"మీ చేతులు చూపించి చెప్పండి. లేకుంటే నమ్మరు."

"సరే."

"ముందు చెప్పండి," అంది అక్కయమ్మ. "చెప్పినంక ఒక పూట పంపిస్తా."

బడి తెరిచిన మొదటి సోమవారం పిల్లలు చేతులు చాచి వరుసగా నిలబడ్డారు. మేష్ట్రుకు రోగమని మధ్యాహ్నానికల్లా ఊరంతా అనుకుంటారనిపించింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వాళ్ళ చేతులు చూసి, భాగహారం చెప్పాను.

ఇప్పటికి ఏడు సోమవారాలు. పొక్కులు ఒకసారి తగ్గి, మళ్ళీ లేచాయి. గిన్నెలు తోముకుని చేతులు తుడుచుకుంటున్నాను. హాజరు పుస్తకంలో కెంపమ్మ పేరు కొట్టివేయలేదు. పిల్లలకు చెప్తానన్న మాట ఇంకా చెప్పలేదు.