బ్రేకు లేని పక్క సీటు

డ్రైవింగ్ స్కూలు మూతపడిన రోజున యజమాని పాత కారు తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇన్నేళ్ళూ నువ్వు తొక్కి తొక్కి అరగదీసిన బ్రేకు. ఇంకొకరి కాలు దానికి సరిపడదు. నువ్వే తీసుకుపో," అన్నాడు. ఆయన మోకాళ్ళు మొరాయించాయి. స్కూలు ఉన్న గదిలోకి సెల్‌ఫోన్ల దుకాణం రాబోతోంది.

ఊళ్ళో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. బ్రేకు మేడం అంటే మాత్రం ఎవరైనా చూపిస్తారు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, ఆమె పక్క సీట్లో కూర్చుని తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచేది. బ్యాంకు వాళ్ళకూ, కాలేజీ పిల్లలకూ, ఒకసారి ఒక జడ్జిగారికీ నేర్పింది. ఎదురుగా లారీ కనబడగానే ఆ జడ్జిగారు రెండు కళ్ళూ మూసేసుకున్నారు. "న్యాయదేవత కళ్ళకు గంతలుంటాయని తెలుసు గానీ, ఆవిడ కారు కూడా నడుపుతుందనుకోలేదు," అని ఆమె ఆ కథ చెప్పి నవ్వించేది.

పెళ్ళి కాలేదు. స్కూలుకు రెండు వీధుల అవతల ఒక అద్దె గదిలో ఉండేది. స్కూలు మూసేశారని తెలియగానే అక్క ఫోను చేసింది.

"ఒక్కదానివి అక్కడ కూర్చుని ఏం చేస్తావే? మా ఇంటికొచ్చెయ్. వెనక గది ఖాళీగానే ఉంది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఓ మనిషుండాలి. మా కోడలికి ఆఫీసుతోనే సరిపోతోంది, నాకు మెట్లెక్కే ఓపిక లేదు."

ఆ పిలుపులో ప్రేమా ఉంది, పనీ ఉంది. ఏది ఎంతో విడదీసి చూసుకోవడం ఆమెకు చేతకాలేదు. వస్తానంది.

అక్క ఊరు సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద ఉంది. పొద్దున బయలుదేరితే చీకటి పడకముందే చేరవచ్చు. ఎప్పుడు వెళ్ళినా బస్సులోనే వెళ్ళింది. ఈసారి రెండు పెట్టెలూ, కుట్టుమిషనూ, టేబుల్ ఫానూ వెనక సీట్లో సర్దుకుని, తానే స్టీరింగు ముందు కూర్చుంది. ఊళ్ళో నడపడం ఆమెకు కొత్త కాదు. పక్కన ఎవరూ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా ఇంత దూరం నడపడం మాత్రం ఇదే మొదటిసారి. ఊరు దాటిన కాసేపటికి, "గేరు మార్చమ్మా, ఇంజను ఏడుస్తోంది," అని తనకు తానే చెప్పుకుంటోందని గమనించి నవ్వుకుంది.

ఎండ ఎక్కుతున్న వేళ రోడ్డు పక్కన చేత్తో రాసిన బోర్డు ఒకటి కనబడింది. నీలం రంగు బాణం, కింద 'సముద్రం' అనే ఒక్క మాట. ఎటు తిరగాలో ముందే తేల్చుకోవాలి, చివరి క్షణంలో మనసు మార్చుకోకూడదు అని ఆమె వందలమందికి చెప్పింది. ఇప్పుడు సిగ్నలైనా ఇవ్వకుండా తిప్పేసింది.

ఆ దారి ఉప్పు మళ్ళ దగ్గర ఆగిపోయింది. చెక్క పారతో ఉప్పు లాగుతున్న ఒకావిడ పని ఆపి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరికోసమమ్మా?"

"ఎవరికోసమూ కాదు. బోర్డు చూసి వచ్చాను."

"అది మా మరిది పెట్టాడు," అందావిడ. "ఎవరైనా నిజంగా వస్తే ఏం చెయ్యాలో మేం ఆలోచించుకోలేదు."

ఇద్దరూ నవ్వారు. ఆవిడ కుండలోంచి నీళ్ళు ఇచ్చింది. తెల్లటి కుప్పల మధ్య గట్టు మీద కాసేపు కూర్చుని, నిజంగానే ఆ చివరన కనిపిస్తున్న సముద్రాన్ని చూసి, బ్రేకు మేడం లేచింది. ఆ తర్వాత ఆమె ఆ రుచి మరిగింది. పడవలకు రంగులు వేస్తున్న చోట ఆగింది. ఎటు పోతుందో తెలియని ఒక ఇసుక బాటలోకి దూరి, వెనక్కి రాలేక, చివరికి ఒకాయన పెరట్లోంచి బయటపడింది.

అక్క ఫోను చేసింది. "ఎందాకా వచ్చావే?"

"దారిలోనే ఉన్నా."

"ఏ దారిలో?"

"అదే చూస్తున్నా, అక్కా."

మధ్యాహ్నానికి ఒక పెద్ద ఏరు అడ్డం వచ్చింది. నేరుగా పోతే వంతెన. కుడివైపు తిరిగితే రేవు. అక్కడ వాహనాలను దాటించే పంటు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. వంతెన మీద ఏరు ఎంతసేపు కనబడుతుంది అనుకుని ఆమె కుడివైపు తిప్పింది. పంటు ముందు భాగంలో టీకాలు వేసే వ్యాను ఒకటి నిలబడి ఉంది. దాని వెనక ఈమె కారు, ఆ వెనక టమాటాల లారీ, నాలుగైదు మోటారు సైకిళ్ళు ఎక్కాయి.

ఏటి మధ్యలో వ్యాను డ్రైవరు పొట్ట పట్టుకుని చెక్కల మీద కూలబడ్డాడు. ఇంతకుముందు కూడా ఒకసారి ఇలాగే వచ్చిందట, కిడ్నీలో రాయి. అవతలి ఒడ్డు చేరగానే ఇద్దరు కుర్రాళ్ళు తమ మోటారు సైకిలును వ్యాను పక్క సందులోంచి దింపి, అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వ్యాను ఎక్కడిదక్కడే ఉంది. అది కదిలితేనే వెనకున్న కారూ లారీ దిగాలి.

వ్యాను పక్కన తెల్లకోటు వేసుకున్న నర్సు దిక్కులు చూస్తోంది. లారీ డ్రైవరు ముందుకొచ్చాడు. "తాళాలివ్వమ్మా, నేను దింపి పక్కన పెడతా."

"పక్కన పెడితే ఏం లాభమన్నా? ఈ పెట్టెలో ఐసు కరిగేలోపు మూడు ఊళ్ళు తిరగాలి. పిల్లల్ని పట్టుకుని తల్లులంతా కూర్చునుంటారు," అంది నర్సు.

బ్రేకు మేడం కారు దిగి వచ్చింది. తానే నడుపుదామనుకుంది. వ్యాను తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, ఆగింది.

"నీకు లైసెన్సుందా, అమ్మాయ్?"

"ఉందండీ. పర్సులో ఉంది. పరీక్ష అయ్యాక మళ్ళీ బయటికి తియ్యలేదు."

"ఎందుకని?"

"మా ఆయన పక్కన కూర్చుంటే ఒకటే అరుపులు. ఆ అరుపులకు కాళ్ళు చేతులు ఆడవు."

మేడం దిగి, అటువైపు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. "నేను అరవను. ఎక్కు."

నర్సు ఎక్కింది. మేడం కాలు అలవాటుగా బ్రేకు కోసం వెతికింది. కింద ఒట్టి రేకు తగిలింది. ముందు ఒడ్డు మీదికెక్కే ఏటవాలు చప్టా, దాని రెండు పక్కలా నీళ్ళు. ఇన్నేళ్ళ ధైర్యమంతా ఆ రెండో బ్రేకుదేనా అనిపించింది. ఇప్పుడు తన దగ్గరున్నది మాట ఒక్కటే.

"ఎడమ కాలు మెల్లగా వదులు. ఇంజను వణికినట్టు తెలుస్తుంది. అక్కడ ఆపు."

వ్యాను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మోటారు సైకిళ్ళ వాళ్ళు నవ్వారు. నర్సు చెవులు ఎర్రబడ్డాయి.

పంటు నడిపే సరంగు గట్టున తాడు చుడుతూ, "తొందరేం లేదు తల్లీ. ఏరు ఎక్కడికీ పోదు," అన్నాడు.

"విన్నావుగా. మళ్ళీ," అంది మేడం. "వణుకు వచ్చిందా? అదీ. ఇప్పుడు కుడికాలు. అద్దంలోకి చూడకు, పైన ఆ టీ కొట్టు కనబడుతోందే, దాన్ని చూడు."

వ్యాను మూలుగుతూ చప్టా ఎక్కింది. టీ కొట్టు ముందు ఆగింది. "ఎక్కిందండీ," అంది నర్సు, అదేదో వ్యాను దానంతటదే చేసిన పనిలాగా.

మేడం తన కారు దింపి టీ కొట్టు నీడలో పెట్టింది. మళ్ళీ వచ్చి వ్యానులో కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఏటికీ సముద్రానికీ మధ్య సన్నటి ఇసుక నేల మీద ఊళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతి ఊళ్ళోనూ బడి వరండాలో పిల్లలు ముందే ఏడుపు మొదలుపెట్టి సిద్ధంగా ఉన్నారు. నర్సు సూది పట్టుకుంటే వేరే మనిషి. చెయ్యి తొణకదు, బెణకదు. ఆ చేతులే స్టీరింగు మీద పడగానే బిగుసుకుపోయేవి.

రెండో ఊరు దాటాక ఉప్పుటేరు మీద ఒక సన్నటి కట్ట. సగం దూరం పోయేసరికి ఎదురుగా బస్సు వచ్చింది. దాని వెనక మరో రెండు బండ్లు. వెనక్కి పోవలసింది వీళ్ళే. మేడం కాలు ఒట్టి రేకును ఎంత గట్టిగా తొక్కిందంటే పిక్క పట్టేసింది. నర్సు మెడ తిప్పి వెనక్కి చూస్తూ, పెదవులు కదుపుతూ, వ్యానును అంగుళం అంగుళంగా వెనక్కి నడిపించి వెడల్పు చోటికి చేర్చింది. బస్సు దాటిపోయింది. బస్సు డ్రైవరు చెయ్యెత్తి వెళ్ళాడు.

"నేనొక్క మాట కూడా అనలేదు, తెలుసా?" అంది మేడం.

నర్సు వింతగా చూసింది. "అదేంటండీ, మీరు చెబుతూనే ఉన్నారుగా?"

బ్రేకు మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ లేనిది ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం మేడం నర్సు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. వ్యాను నడిపింది ఎవరో తెలియగానే నర్సు భర్త టార్చిలైటు తీసుకుని బయటికి వెళ్ళాడు. వ్యాను చుట్టూ తిరిగి వచ్చి, "గీతైనా పడలేదు," అన్నాడు. కాస్త నొచ్చుకున్నట్టే అన్నాడు. అన్నం తినేటప్పుడు మెల్లగా అడిగాడు. "మేడంగారూ, నేను పక్కన కూర్చుంటే ఏం చెయ్యాలంటారు?"

"కిటికీలోంచి బయటికి చూడండి. ఊరు బావుంటుంది."

నర్సు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతనూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

డ్రైవరు ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఆమె అక్కడే ఆగింది. తిరిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి నిలబడేవారు. చేపల బుట్టలు మోసే వదినామరదళ్ళు తమకూ బండి నడపడం నేర్పమని అడిగారు. బడి పెద్ద టీచరు అడిగింది. "ఇటు నేర్పేవాళ్ళెవరూ లేరమ్మా. ఏరు దాటి పోవాలంటే రోజంతా పోతుంది. రేవు దగ్గర పాత ఐసు గోదాము ఖాళీగా ఉంది. గదీ ఉంది, కారు పెట్టుకునే చోటూ ఉంది. ఆలోచించండి." రేవుకు వెళ్ళినప్పుడు ఆమె ఆ గోదాము తలుపు తోసి చూసింది. గోడలు పెచ్చులూడాయి. కిటికీ తెరిస్తే ఏటి గాలి ముఖానికి కొట్టింది.

డ్రైవరు నడుం పట్టుకుంటూ తిరిగొచ్చాడు. నర్సు తాళాలు ఇవ్వలేదు. "ఇవాళ్టికి వెనక కూర్చో అన్నా. నేను నడుపుతా," అంది. పక్క సీటు ఖాళీగానే ఉంచి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

ఆమె ఊరు చేరేసరికి అక్క ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉంది. "సాయంత్రానికి వస్తానన్న మనిషివి. ఏమైపోయావనుకోవాలి? మీ బావ పోలీసుల దగ్గరికి పోతానని చొక్కా కూడా వేసుకున్నాడు."

"ఫోను చేశాగా, అక్కా."

"చేశావు. ఉప్పన్నావు, పంటన్నావు, సూదులన్నావు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక ఆమె అంతా వివరంగా చెప్పింది. గోదాము సంగతి చివర చెప్పింది. అక్క చేతిలోని విసనకర్ర పక్కన పెట్టింది.

"పిల్లల్ని చూసుకోవడానికే పిలిచాననుకున్నావా?"

"సగం."

"సగమేలే," అని ఒప్పుకుంది అక్క. "మిగతా సగం నువ్వు కళ్ళముందు ఉంటావని."

గుమ్మంలో నిలబడి వింటున్న కోడలు ముందుకొచ్చింది. "చిన్నత్తయ్యా, ముందు నాకు నేర్పి వెళ్ళండి. పిల్లల్ని బడి నుంచి మన కారులో నేనే తెచ్చుకుంటాను. ఆఫీసులో ఓ గంట ముందు వదలమని అడుగుతాను."

ఆమె అక్కడ రెండు వారాలుంది. కోడలు మొదటిరోజే గేటును గుద్దింది. చివరిరోజున పిల్లలిద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పి తెచ్చింది.

వెళ్ళే రోజు పొద్దున్నే వెనక గదిలోంచి దబదబా చప్పుడు వినిపించింది. చూస్తే అక్కా బావా కలిసి కొత్త మంచం విప్పుతున్నారు.

"నీకోసమే కొన్నాం. ఇక్కడ ఎవరు పడుకుంటారు? ఆ గోదాములో నేల మీద పడుకుని నడుం పట్టేసిందంటే మళ్ళీ నేనే రావాలి," అంది అక్క.

"వస్తావా?"

"రాకుండా ఉంటానా? పంటెక్కి వస్తా."

బావ మంచం కోళ్ళూ పట్టీలూ కారు మీదికెక్కించి తాడుతో అటు నాలుగు చుట్లు, ఇటు నాలుగు చుట్లు బిగించాడు. "పెళ్ళి చేసి సారె పెట్టలేకపోయాం, ఇప్పుడు మంచమిచ్చి పంపుతున్నాం," అన్నాడు. అక్క అతన్ని మోచేత్తో పొడిచింది గానీ, ముందు నవ్వింది బ్రేకు మేడమే.

కారు కదిలింది. పైన మంచం కిర్రుకిర్రుమంటోంది. వెనక లారీలు హారన్లు కొట్టి దాటిపోయాయి. ఆమె తొందరపడలేదు. ఎడమ పక్కన సముద్రం మీద పొద్దుటి ఎండ పరుచుకుంటోంది.