మంచు పైకి తేలని ఎర్ర తాడు

నేను ఒక ఎర్ర తాడును. మేస్త్రీ పోలారావు మీద నా కసి ఇప్పటికీ చల్లారలేదు. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మనిషి మంచివాడు. అదీ నా ఖర్మ.

ఏదో మిల్లులో నన్ను నైలాన్ పోగులతో సన్నగా, తేలిగ్గా అల్లారు. బరువులు లాగడం నా పని కాదు. హిమాలయాల్లో మంచుచరియలు విరిగిపడే చోట మనిషి నన్ను నడుముకు కట్టుకుని, మిగతాదంతా వెనకాల వదిలేసి నడవాలి. చరియ అతన్ని కప్పేసినా నేను ఎక్కడో ఒకచోట పైన కనబడతాను. నన్ను పట్టుకుని తవ్వితే మనిషి దొరుకుతాడు. నేను పుట్టింది ఆ ఒక్క పనికే.

కొండ రోడ్డు పనికి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జట్టుకు నన్నిచ్చారు. మేస్త్రీ పోలారావు వల వదిలి పార పట్టినవాడు. చెల్లెలు దానమ్మ వద్దంటున్నా, తన కళ్ల ముందే ఉంటాడని చెప్పి ఆమె మొగుడు అసిరయ్యను కూడా తెచ్చాడు. భయం లేదు, తాడుందని ఫోన్లో ఆమెకు నా గురించి గొప్పగా చెప్పాడు కూడా.

ఆ వారం మంచు ఆగకుండా కురిసింది. గాజులా గట్టిపడిన పాత మంచు మీద కొత్తది పిండిలా పేరుకుంది. గాలి ఇంకాస్త తెచ్చి వాలు మీద పోసింది. తర్వాత ఎండ కాసింది. దారి చూపే నవాంగ్ కాలితో తొక్కి చూస్తే లోపలెక్కడో గుమ్మంది. పై మంచు కింది మంచును పట్టుకుని లేదు, ఇవాళ వద్దన్నాడు. వాలుకు అవతలి గుడారంలో మనవాళ్లిద్దరు జ్వరంతో పడున్నారు, వాళ్ల పొయ్యికి కిరసనాయిలు లేదు, వెళ్లక తప్పదన్నాడు పోలారావు. చివరికి నవాంగ్ ఒప్పుకున్నాడు. ఒక్కొక్కరే దాటాలి, తాడు వెనకాల వదలాలి అన్నాడు.

ముందు అసిరయ్య. పోలారావే నన్ను అతని నడుముకు ముడేశాడు. నేను వెనక పాకుతుంటే జట్టులో ఒకడు, "ఏటి బావా, తోకొచ్చినాదేటి?" అన్నాడు.

"దూడకైనా ఉంటాది. నీకు నేదని కుళ్లా?" అన్నాడు అసిరయ్య.

పోలారావు నవ్వలేదు. సముద్రం మీద పెరిగినవాడికి వదిలేసిన తాడు కనబడితే ప్రాణం ఊరుకోదు. పడవలో అది కాలికి చుట్టుకుంటే మనిషి నీళ్లపాలే. నవాంగ్ అటు తిరగ్గానే వంగి, నన్ను శుభ్రంగా చుట్టచుట్టి అసిరయ్య కోటులో దోపాడు.

"కాలికడ్డమొత్తాది బావా. జాగర్తగా ఎల్లు."

సగం వాలు దాటాక పైన గీత గీసినట్టు మంచు చీలింది. తర్వాత అంతా కదిలింది.

కింద చీకటి. నేను అతని గుండె మీద చుట్టగానే ఉన్నాను. పైవాళ్ల మాటలు మంచులోకి దిగుతాయి గానీ కిందివాళ్ల మాటలు పైకి పోవు. పోలారావు మా నెత్తిమీదే నిలబడి, తాడు కనబడతందా అని అందరినీ అడుగుతున్నాడు. చుట్టింది తానేనని అప్పటికింకా గుర్తు రాలేదు. "ఇక్కడే ఉన్నాను బావా" అన్నాడు అసిరయ్య. పైన అడుగులు పక్కకు జరిగాయి. అతని ఊపిరి మొహం చుట్టూ గడ్డకట్టింది. రెండోసారి పిలవలేదు.

ఇనపచువ్వలు గుచ్చి గుచ్చి వెతికి తీసేసరికి అయిపోయింది. నడుము దగ్గర ముడి బిగుసుకుని రాలేదు. పోలారావు నన్ను కత్తితో కోశాడు. ఆ ముక్క శవంతోనే కాలింది. మిగిలిన నన్ను ఎందుకో ఊరికి తెచ్చాడు.

దానమ్మ ఏడవలేదు. తాడు పైకి తేలతాదన్నావు, ఎందుకు తేలనేదని అడిగింది. పోలారావు నా కొస చూపించాడు.

"తెగిపోనాదమ్మా."

ఆమె వలలు బాగుచేసే మనిషి. కొస మీద బొటనవేలితో రాసి చూసింది. తెగిన తాడుకు పీచులు రేగి ఉంటాయి. నా కొస నున్నగా ఉంది.

"ఇది కత్తి కోత అన్నియ్యా. నువ్వే కోసీసినావా?"

ఇద్దరూ ఒకే తాడుకు కట్టుకుని ఉంటే, అన్న తన ప్రాణం కోసం కోసేశాడనుకుంది. కోసింది శవాన్ని తీశాకేనని చెప్పాలంటే, చుట్టిన సంగతీ చెప్పాలి. పోలారావు అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు అతనికి మళ్లీ తెరవలేదు.

నన్ను ఒక విరిగిన పడవ కిందికి విసిరేశాడు. ఇసుకలో పడున్నాను. నా పొడవులో పోయింది అసిరయ్య నడుము చుట్టూ ఉన్న ముక్క ఒక్కటే.