వంటింటి కప్పు మీది నలుపు

పొద్దున్నే లేచి బొమ్మలావిడ చేసే మొదటి పని, బొమ్మలు గియ్యడానికి సిరా నూరే కల్వం కడుక్కోవడం. రెండో పని తన ఇంటి పైకప్పు చూసుకోవడం. పాలరాయిలా తెల్లగా ఉండేది. అది చూసుకుని ఆవిడకి కాస్త గర్వం కూడాను.

ఒంటరిగా ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకునే మాటలు పైకెళ్లి కప్పుకు మసిలా పడతాయని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఇంట్లో నలుగురుంటే మాట ఎవరో ఒకరి చెవిన పడుతుంది. ఎవరూ లేకపోతే ఎక్కడికి పోతుంది పాపం, పైకి పోతుంది. పొయ్యి మసి కన్నా మెత్తన, కాకి రెక్క కన్నా నలుపు. బొమ్మలావిడ ఇల్లిల్లూ తిరిగి, నిచ్చెన వేసి, ఈకతో దాన్ని దులిపి, తుమ్మజిగురు కలిపి నూరేది. ఎన్ని వానలు కురిసినా వెలవని సిరా.

దులిపించుకున్నవాళ్లకీ సుఖమే. ఆ మాటలు మళ్లీ నోటికి రావు. గడియారాలు బాగుచేసే ముసలాయన, భార్య పోయాక కూడా రోజూ ఆమెతో పోట్లాడుతూనే ఉండేవాడు. కప్పు దులిపిన మర్నాటి నుంచి ఆమె ఊసే లేదు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "బరువు దిగిందమ్మాయ్" అన్నాడు. ఏం బరువని అడిగితే చెప్పలేకపోయాడు.

గ్రంథాలయం గోడ మీద రాత పుట్టుపూర్వోత్తరాలు గియ్యమని ఆవిడకి పని ఇచ్చారు. రాతిబండ, మట్టి పలక, గొర్రె తోలు, చెట్టు బెరడు, తాటాకు, కాగితం, అన్నీ గీసింది. తాటాకు మీద గంటంతో ఎంత గీరినా, మసి రుద్దితేగానీ అక్షరం కంటికి ఆనదు. రాజుల కత్తుల గురించి గంటలకొద్దీ చెప్పే పెద్దమనుషులకి ఈ మసి గురించి ఒక్క ముక్క చెప్పాలని తట్టదు. చివరికి ఒక్క సిరాబుడ్డి మిగిలింది. అందులో నిండా నలుపు నింపాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆవిడ సిరా అయిపోయింది.

ఊళ్లో దులుపుదామంటే మసి లేదు. గోడకి కట్టిన తెర తీసే రోజున పెద్దలొస్తున్నారని గ్రంథాలయాధికారి ఇంటింటికీ సున్నం వేయించాడు, పైకప్పులతో సహా. ఏ గోడ కోసం ఊరంతా తెల్లబరిచాడో ఆ గోడకే నలుపు లేకుండా చేశాడు. తెలివంటే అదీ.

"కొట్లో రంగు ట్యూబు దొరుకుతుంది కదండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"వానకి తెలుస్తుంది."

"పోనీ మీ ఇంట్లో...?"

"నా ఇంట్లో ఏముంటుంది? నేను మాట్లాడను."

"ఎవరితోనూనా?"

"నాతో కూడా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీది కాక సున్నం పడని ఇల్లు ఒక్కటే ఉందండి. మావాళ్లు వెళితే తలుపు తియ్యలేదట. మీ ఎదురిల్లే."

ఆవిడకి తెలీకేం. ఆ ఇంట్లో ఉన్నది తోడబుట్టిన చెల్లెలు. తల్లి పోయే రోజున బొమ్మలావిడ మంచం పక్కన కూర్చుని ఆ మొహం గీస్తోంది. ఇంకొక్క గీత, ఇంకొక్క గీత అనుకుంటూ చెల్లెలికి కబురు పంపలేదు. చెల్లెలు పరిగెత్తుకొచ్చేసరికి బొమ్మా అయిపోయింది, అమ్మా అయిపోయింది. ఆనాడు మూసిన తలుపు అది. మధ్యనున్నది పెద్ద వీధి కూడా కాదు. ఒకింట్లో దగ్గితే రెండో ఇంట్లో వినబడుతుంది.

నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లి తలుపు కొట్టింది.

చెల్లెలు తలుపు తీసింది. జుట్టంతా నెరిసిపోయింది. చెవులు మాత్రం అచ్చం అమ్మవే.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు. మసి కావాలి."

"అదీ సంగతి. నేను కావాలేమోనని హడలిపోయాను. రా. కాళ్లు తుడుచుకో."

వంటింట్లోకి వెళ్లి తలెత్తిన బొమ్మలావిడ నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంత నలుపు ఆవిడ జన్మలో చూడలేదు. దూలాల నుంచి కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది. కిటికీ పైన మరీ దట్టం. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా తన ఇంటి తలుపే.

"ఇన్ని మాటలు ఎవరితోనే?"

"ఇంకెవరున్నారు? నీతోనే. కూర మాడితే నీతో. జ్వరమొస్తే నీతో. తిట్టినన్నాళ్లు తిట్టాను. తర్వాత ఊరికే మాట్లాడాను." చెల్లెలు గిన్నె తోముతూనే ఉంది. "కానియ్, దులుపుకో. ఆ గడియారాల ముసలాయన హాయిగా ఉన్నాడట కదా. ఆ హాయేదో నాకూ తగలనీ."

బొమ్మలావిడ నిచ్చెనెక్కి ఈక ఎత్తింది. ఒక్క ఊపు చాలు, సిరాబుడ్డి నిండుతుంది. చెల్లెలికీ తేలికవుతుంది. రేపటి నుంచి ఆ కిటికీ దగ్గర కూరలు తరుక్కుంటుంది. ఎదురు తలుపు వట్టి తలుపు. అంతే.

ఆనాడు ఈ చేతిలోనే పెన్సిలుంది.

కిందికి దిగింది.

"ఏం, నాసిరకమా?" అంది చెల్లెలు.

"మంచి రకమే. మొదట్నుంచీ చెప్పు."

"ఏంటి చెప్పేది?"

"పైనున్నదంతా. నా మొహం చూసి చెప్పు."

"తిట్లతో మొదలవుతుంది మరి."

"కూర్చుంటాలే." పీట లాక్కుంది.

తెర తీసిన రోజున గోడ మీద సిరాబుడ్డి ఖాళీగానే ఉంది. రాయవలసింది ఇంకా ఎంతో మిగిలుందనడానికి అది సంకేతమని గ్రంథాలయాధికారి ఉపన్యాసం దంచాడు. జనం చప్పట్లు కొట్టారు. గీసినావిడ అక్కడ లేదు. ఎదురింటి వంటింట్లో పీట మీద కూర్చుని తిట్లు తింటోంది. ఇంకా మంచి మాటల దాకా రానేలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తూ, "ఇది కూరలో ఉప్పెక్కువ వేస్తోంది, చెప్పాలి" అని పైకే అంది.

పొద్దున్నే కల్వం కడిగి తలెత్తితే, పాలరాయిలాంటి కప్పు మీద ఆవగింజంత నలుపు. దాన్ని చాలాసేపు చూసింది. ఈక కోసం వెతకలేదు. చెప్పులేసుకుని వీధి దాటింది.